డ్రైవర్ కోడ్ జూనియర్లకు అప్పగించే ముందు: లాకింగ్ నియమాలు రాయడంలో జాగ్రత్తలు

మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలోనైనా, ఏర్పేడు ఐఐటీలోనైనా, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లోనైనా ఫైనలియర్ ప్రాజెక్టులు చేతులు మారతాయి. వాటిలో లైనక్స్ డ్రైవరో కెర్నల్ మాడ్యూలో ఉంటే చిక్కు ఎక్కువ. ఏ ఫంక్షన్‌ని ఏ లాక్ (ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపేది) పట్టుకుని పిలవాలో రాసినవాళ్లకే తెలుసు. వాళ్లేమో ఉద్యోగానికి రేణిగుంటకో శ్రీసిటీకో బెంగళూరుకో వెళ్లిపోతారు. జూనియర్ ఆ ఫంక్షన్‌ని కొత్త చోటి నుంచి పిలుస్తాడు. కంపైల్ అవుతుంది, రివ్యూ రోజు నడుస్తుంది కూడా. నాలుగు కోర్ల బోర్డు మీద లోడ్ పడ్డాకే హ్యాంగ్ అవుతుంది.

"థ్రెడ్ సేఫ్" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. కెర్నల్‌లో ఫంక్షన్‌ని పిలిచేది థ్రెడ్డే కానక్కర్లేదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ పిలవొచ్చు, టైమర్ పిలవొచ్చు. అందుకే కెర్నల్‌డాక్ కామెంట్‌లో (ఫంక్షన్ పైన నిర్ణీత పద్ధతిలో రాసే వివరణలో) "కాంటెక్స్ట్" అనే విభాగం ప్రత్యేకంగా ఉంది. అందులో రాయాల్సింది పిలిచేవాళ్ల బాధ్యత. లోపల ఏం జరుగుతుందో కోడ్ చదివితే తెలుస్తుంది. పిలిచే ముందు ఏం సిద్ధంగా ఉండాలో కోడ్ చెప్పదు. ప్రాసెస్ కాంటెక్స్ట్ అంటే ఇంటరప్ట్‌లోంచి కాకుండా మామూలు ప్రాసెస్ తరఫున నడవడం; స్లీప్ అంటే సీపీయూని వదిలి ఆగడం. లాక్ దొరక్కపోతే మ్యూటెక్స్ స్లీప్ అవుతుంది, స్పిన్‌లాక్ దొరికేదాకా తిరుగుతూనే ఉంటుంది. కామెంట్ ఇలా ఉంటే చాలు:

కాంటెక్స్ట్: ప్రాసెస్ కాంటెక్స్ట్ మాత్రమే. స్లీప్ కావచ్చు. పిలిచేవారు పోర్ట్ మ్యూటెక్స్ పట్టుకుని ఉండాలి. క్యూ స్పిన్‌లాక్‌ని లోపలే తీసుకుని వదులుతుంది.

"లాక్ పట్టుకుని పిలవాలి" అని మాత్రమే ఉంటే అది సగం సమాచారమే. ఏ లాక్? ఏ ఆబ్జెక్ట్‌ది? పేరెంట్‌దా, చైల్డ్‌దా? రెంటికీ ఒకే పేరున్న లాక్ ఉంటే చదివేవాళ్లు తప్పకుండా తికమకపడతారు. ఫంక్షన్ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టడం కూడా డాక్యుమెంటేషన్ కాదు. ఆ గుర్తు ఒక్కో ఫైల్లో ఒక్కో అర్థంతో వాడుకలో ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, లాక్‌ని మధ్యలో వదిలి మళ్లీ పట్టుకునే ఫంక్షన్. స్పిన్‌లాక్ పట్టుకుని లోపలికి వస్తుంది, జీఎఫ్‌పీ_కెర్నల్‌తో (మామూలు రకం మెమరీ అభ్యర్థనతో) మెమరీ అడగాలి. ఆ అలొకేషన్ స్లీప్ కావచ్చు కాబట్టి లాక్ వదులుతుంది, మెమరీ వచ్చాక తిరిగి పట్టుకుంటుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ లాక్ చేతిలోనే ఉంది కాబట్టి పిలిచినవాళ్లకు అనుమానం రాదు. ఈ సందులో ఇంకో సీపీయూ లిస్ట్‌లోంచి ఒక ఎంట్రీని తీసి ఫ్రీ చేసేస్తుంది. పిలిచినవాళ్లు మాత్రం అంతకుముందు చదువుకున్న పాయింటర్‌నే వాడతారు. "మధ్యలో లాక్ వదిలి మళ్లీ తీసుకుంటుంది; తిరిగొచ్చాక లిస్ట్‌ని మొదటి నుంచి చూడాలి" అని స్పష్టంగా రాయండి. వీలైతే మెమరీని లాక్ తీసుకోకముందే తెచ్చుకునేలా కోడ్ మార్చడం ఇంకా మంచిది. పాయింటర్‌ని తిరిగిచ్చే ఫంక్షన్ అయితే అది ఎంతవరకు చెల్లుతుందో కూడా చెప్పాలి: లాక్ వదిలేదాకానా, ఆర్‌సీయూ (లాక్ లేకుండా చదవనిచ్చే పద్ధతి) రీడ్ సెక్షన్ ముగిసేదాకానా, రిఫరెన్స్ (వాడుతున్నవాళ్ల లెక్క) తగ్గించేదాకానా?

పట్టుకోకూడని లాక్‌ల గురించి దాదాపు ఎవరూ రాయరు. టైమర్_డిలీట్_సింక్ నడుస్తున్న టైమర్ ఫంక్షన్ ముగిసేదాకా ఆగుతుంది. ఆ టైమర్ ఫంక్షన్ తీసుకునే లాక్‌నే పట్టుకుని దాన్ని పిలిస్తే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. నడుస్తున్న వర్క్ కోసం ఆగే క్యాన్సిల్_వర్క్_సింక్, ఇంటరప్ట్ హ్యాండ్లర్ కోసం ఆగే ఫ్రీ_ఐఆర్‌క్యూ కూడా అంతే. మీ క్లీనప్ ఫంక్షన్ వీటిలో దేన్ని పిలిచినా ఆ నిషేధం మీ కామెంట్‌లోకి కూడా రావాలి.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోనూ వాడే స్పిన్‌లాక్ విషయంలో, ప్రాసెస్ వైపు కోడ్ ఇంటరప్ట్‌లు ఆపకుండా ఆ లాక్ తీసుకుంటే అదే సీపీయూ మీదికి ఇంటరప్ట్ వచ్చి ఎప్పటికీ దొరకని లాక్ కోసం తిరుగుతూ ఉంటుంది. పైగా స్పిన్_అన్‌లాక్_ఐఆర్‌క్యూ ముందున్న స్థితిని చూడకుండా ఇంటరప్ట్‌లను ఆన్ చేసేస్తుంది. దాన్ని వాడితే "ఇంటరప్ట్‌లు ఆన్‌లో ఉన్నప్పుడే పిలవాలి" అని రాయాలి. లేదా ముందున్న స్థితిని గుర్తుపెట్టుకుని తిరిగి తెచ్చే ఐఆర్‌క్యూసేవ్ రకానికి మారండి.

లాక్ కాపాడేది డేటాని. కాబట్టి స్ట్రక్చర్ డిక్లరేషన్‌లో ఆ లాక్ పక్కనే, అది ఏ ఫీల్డ్‌లను కాపాడుతుందో రాయండి. కెర్నల్ కోడ్‌ని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్‌ని స్ట్రిక్ట్ ఆప్షన్‌తో నడిపితే కామెంట్ లేని లాక్‌లను పట్టిస్తుంది.

రెండు లాక్‌లు కలిపి తీసుకునే డ్రైవర్ అయితే వరుస క్రమాన్ని ఒక్కచోటే, ఫైల్ మొదట్లో రాయండి. కెర్నల్ ఎంఎం (మెమరీ నిర్వహణ) డైరెక్టరీలోని ఫైల్‌మ్యాప్ కోడ్ పైన ఉన్న పొడవాటి లాక్ ఆర్డరింగ్ కామెంట్ మంచి నమూనా. తిరుమల ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకొకటి ఉన్నట్టు ఇక్కడా దిశ ఒకటే ఉండాలి. ఒక్క ఫంక్షన్ ఎదురొచ్చినా డెడ్‌లాక్‌కి (ఒకరి లాక్ కోసం ఒకరు ఎప్పటికీ ఆగిపోవడానికి) దారి తెరుచుకున్నట్టే. ఒకే రకం లాక్‌లు రెండు తీసుకుంటే, పేరెంట్ ముందు, చైల్డ్ తర్వాత అన్నది కూడా అక్కడే రాయాలి.

లాక్ రకాన్ని కచ్చితంగా పేర్కొనండి. 2024లో వచ్చిన 6.12 నుంచి ప్రీఎంప్ట్ ఆర్‌టీ (రియల్‌టైమ్ పనులకు అనువైన బిల్డ్) ప్రధాన కెర్నల్‌లో ఉంది. ఆ బిల్డ్‌లో మామూలు స్పిన్‌లాక్ స్లీప్ అయ్యే లాక్‌గా మారుతుంది, రా స్పిన్‌లాక్ మాత్రమే మునుపటిలా తిరుగుతుంది. కాబట్టి రా స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా మామూలు స్పిన్‌లాక్ తీసుకునే ఫంక్షన్‌ని పిలవకూడదు.

కామెంట్ కాలంతోపాటు పాతబడుతుంది. అందుకే ప్రతి నియమానికీ కోడ్‌లో ఒక కాపలా పెట్టండి. లాక్ పట్టుకుని ఉండాలంటే లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్ పెట్టాలి (లాక్‌డెప్ అంటే నడుస్తున్నప్పుడు లాక్ తప్పులను పట్టే కెర్నల్ సాధనం). దాని బదులు స్పిన్_ఈజ్_లాక్డ్ వాడొద్దు: ఇంకెవరో లాక్ పట్టుకున్నా అది అవుననే చెబుతుంది, ఒకే సీపీయూకి బిల్డ్ చేసిన కెర్నల్‌లో మామూలుగా సున్నా ఇస్తుంది. ఎప్పుడో ఒకసారే స్లీప్ అయ్యే ఫంక్షన్‌కి మొదటి లైన్‌లోనే మైట్_స్లీప్ (స్లీప్ కాకూడని చోట పిలిస్తే హెచ్చరించేది) ఉండాలి. అప్పుడు తప్పు చోటి నుంచి వచ్చిన ప్రతి పిలుపూ మొదటిసారే బయటపడుతుంది.

ఇవన్నీ పనిచేయాలంటే టెస్ట్ కెర్నల్‌లో ప్రూవ్ లాకింగ్, డీబగ్ అటామిక్ స్లీప్ రెండు కాన్ఫిగ్‌లూ ఆన్ చేయాలి. సిస్టమ్ నెమ్మదిస్తుంది కాబట్టి ఫైనల్ బోర్డుకి ఈ బిల్డ్ వద్దు. క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) అయితే కనీసం నాలుగు సీపీయూలు ఇవ్వండి. మాడ్యూల్‌ని లోడ్ చేయడం, తీసేయడం, ఎర్రర్ దారుల్లోకి వెళ్లడం అన్నీ నడిపించండి, ఎందుకంటే నడవని దారిలోని తప్పు లాక్‌డెప్‌కి కనిపించదు. ఇంకొకటి: మొదటి హెచ్చరిక ప్రింట్ చేయగానే లాక్‌డెప్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ తర్వాత డీమెసేజ్ (కెర్నల్ సందేశాల లాగ్) శుభ్రంగా కనిపించినా నమ్మకండి. ఆ తప్పు వేరే డ్రైవర్‌ది అయినా సరే, ముందు దాన్ని సరిచేసి, రీబూట్ చేసి, టెస్ట్ మళ్లీ మొదటి నుంచి నడపండి.