చియా గింజలు: పోషకాలు ఒంటికి పట్టేలా వాడుకునే పద్ధతి

హైదరాబాద్‌లో వ్యాయామశాలల నుంచి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల దాకా చియా గింజల మాట వినిపించని చోటు అరుదు. ఒక చెంచా గింజలు నీళ్లలో వేసుకుని తాగితే పొట్ట కరుగుతుందని, మోకాళ్ల నొప్పులు పోతాయని, షుగర్ అదుపులోకి వస్తుందని ఒకే ఊపిరిలో చెప్పేస్తున్నారు. ఆ గింజలో నిజంగా ఉన్న పోషకాలు తక్కువేమీ కావు. అయితే అవి మనకు అందాలంటే సరైన గింజను కొనడం, తగినంత నీటిలో నానబెట్టడం, దేనితో కలిపి ఎంత తినాలో తెలిసి ఉండటం అవసరం.

చియా మొక్క తులసి, పుదీనాల కుటుంబానికే చెందినది. దాని సొంత నేల మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతం. అక్కడి అజ్టెక్ ప్రజలకు అది ఒకప్పుడు ముఖ్యమైన ఆహార పంట. మన దేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రోత్సాహంతో రైతులు దీన్ని పండించడం మొదలుపెట్టారు.

ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 12 గ్రాముల గింజల్లో 4 గ్రాముల పీచు, 2 గ్రాముల ప్రోటీన్, 2 గ్రాములకు పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు, 75 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. వీటిలో చెప్పుకోదగ్గవి మొదట పీచు, తర్వాత ఒమేగా-3. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం పెద్దలకు రోజుకు 1.1 నుంచి 1.6 గ్రాముల దాకా చాలు కనుక ఆ అవసరం ఒక్క చెంచాతోనే తీరిపోతుంది. అలాగని చేపలు తినేవారు వాటిని మానేసి చియాకు మారడంలో అర్థం లేదు. చేపల్లో దొరికే ఈపీఏ, డీహెచ్ఏ అనే కొవ్వులుగా ఈ ఆమ్లాన్ని మార్చుకునే శక్తి మన శరీరానికి చాలా తక్కువ.

కాల్షియం విషయంలో చియాకు దక్కిన పేరు కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. దానిలో చెంచా చియా ఇచ్చేది పదమూడో వంతు మాత్రమే. పొట్టు తీయని నువ్వుల్లో కాల్షియం ఇంతకన్నా ఎక్కువ. అవిసె గింజల్లో ఒమేగా-3 కూడా చియాను మించే ఉంటుంది, ధర మాత్రం బాగా తక్కువ. కాకపోతే అవిసెను పొడి కొట్టుకోవాలి, లేకపోతే చాలా వరకు అరగకుండానే బయటకు పోతుంది. చియాను నానబెడితే చాలు, పొడి చేయకుండానే తినవచ్చు; చియాతో ఉన్న అసలు సౌకర్యం అదే. దాన్ని కూడా పొడి చేసుకుంటే అందులోని ఒమేగా-3 మరింత బాగా అందుతుంది.

కొనేటప్పుడు ముందుగా తెలియాల్సింది సబ్జాకు, చియాకు ఉన్న తేడా. బేగం బజార్‌లోనో మోండా మార్కెట్‌లోనో విడిగా కొనేటప్పుడు ఒకటి అడిగితే మరొకటి సంచిలో పడే అవకాశం ఉంది. ఫలూదాలో వేసే సబ్జా గింజ నిండు నలుపులో, కొస కాస్త సన్నగా ఉంటుంది. చియా గింజ కోలగా, నున్నగా, బూడిద రంగు మీద ముదురు గీతలు మరకల్లా అల్లుకుని ఉంటుంది. మధ్యమధ్య తెల్ల గింజలు కూడా కనిపిస్తాయి. చూసి గుర్తుపట్టలేకపోతే చిటికెడు గింజలను నీళ్లలో వేయాలి. సబ్జా కొద్ది నిమిషాల్లోనే ఉబ్బి, నల్లటి గింజ చుట్టూ తెల్లటి పొర కట్టి, దేనికది విడిగా తేలుతుంది. చియా నెమ్మదిగా ఉబ్బుతూ, ఒకదానికొకటి అంటుకుంటూ నీటినంతా జిగురుగా మార్చేస్తుంది. సబ్జా కూడా మంచిదే గాని, పైన చెప్పిన లెక్కలు దానికి వర్తించవు.

నానబెట్టడం అందరూ తేలికగా తీసుకునే పని, నిజానికి జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. చియా గింజ తన బరువుకు పది రెట్లకు పైగా నీటిని పీల్చుకుంటుంది. 2014లో అమెరికాలో వైద్యులు వెల్లడించిన ఒక ఉదంతంలో, 39 ఏళ్ల వ్యక్తి నానబెట్టని పొడి గింజలు ఒక చెంచా మింగి వెంటనే నీళ్లు తాగడంతో అవి అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడ్డాయి. చివరకు ఎండోస్కోపీ చేసి, అంటే గొంతులోంచి సన్నటి గొట్టం దించి, ఆ అడ్డును తొలగించవలసి వచ్చింది. అందుకే పొడి గింజలను నోట్లో వేసుకుని నీళ్లు తాగే అలవాటు ఎవరికీ వద్దు, మింగడంలో ఇబ్బంది ఉన్నవారికీ చిన్న పిల్లలకూ అసలే వద్దు.

ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీరు తీసుకుని, దానిలో ఒక పెద్ద చెంచా గింజలను ఒకేచోట కుమ్మరించకుండా చల్లుతూ, మరో చేత్తో కలుపుతూ ఉండాలి. ఐదు నిమిషాల తర్వాత చూస్తే కొన్ని గింజలు అడుగున ఉండకట్టి ఉంటాయి, ఆ ఉండ లోపల గింజ పొడిగానే ఉంటుంది. చెంచా వెనుక వైపుతో దాన్ని గ్లాసు గోడకు అదిమి విడదీసి మళ్లీ కలపాలి. ఈ రెండోసారి కలపడం మానేస్తే ఎంతసేపు ఉంచినా ఫలితం ఉండదు. అరగంట తర్వాత గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే పైనున్న జిగురు జారిపోతూ ఉండాలి, అప్పుడే అది తినడానికి సిద్ధమైనట్టు. చల్లటి పాలలోనో పెరుగులోనో అయితే ఇంకా ఎక్కువ సమయం కావాలి కనుక రాత్రే వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు.

చియాకు తనదంటూ రుచి లేదు, అదే దానిలోని సుగుణం. మజ్జిగ, జొన్న అంబలి, చల్లారిన రాగి జావ, పెరుగన్నం, పండ్ల ముక్కలు ఏవైనా సరే, నానిన గింజలు వాటిలో కలిసిపోతాయి. ఎండాకాలంలో నిమ్మరసంలో వేసుకుంటే మరో లాభం కూడా ఉంది: గింజల్లోని ఫైటేట్లు ఇనుము ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటాయి, నిమ్మలోని సి విటమిన్ ఆ అడ్డును తగ్గిస్తుంది. అదే కారణంతో చియా తిన్న వెంటనే ఇరానీ చాయ్ తాగకుండా ఓ గంట ఆగడం మంచిది. టీలోని టానిన్లు కూడా ఇనుమును పట్టనివ్వవు.

మోతాదు విషయానికి వస్తే, అలవాటు లేనివారు మొదటి వారం చిన్న చెంచాతో మొదలుపెట్టి, ఆ తర్వాత రోజుకు ఒక పెద్ద చెంచాకు పెంచుకోవచ్చు. రెండు దాటవలసిన అవసరం సాధారణంగా ఉండదు. పీచు పెంచి నీరు పెంచకపోతే కడుపు ఉబ్బరం, మలబద్ధకం తప్పవు. బరువు తగ్గడం మీద జరిగిన పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. పైగా పెద్ద చెంచా గింజల్లో దాదాపు 58 కేలరీలు ఉంటాయి, అవి రోజువారీ తిండికి అదనంగా చేరేవే. రాత్రి తిన్న బిర్యానీ లెక్కను పొద్దున తాగిన చియా నీళ్లు చెరిపివేస్తాయని ఆశించేవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

షుగర్‌కు ఇన్సులిన్‌గాని మాత్రలుగాని వాడేవారు, బీపీ మందులు వాడేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు చియాను రోజూ తినాలనుకుంటే ముందుగా తమ వైద్యునికి చెప్పాలి. మాత్రలనూ చియానూ ఒకే పూట కలిపి తీసుకోకుండా మధ్య కొంత వ్యవధి ఉంచడం మంచిది, ఎందుకంటే ఆ జిగురు మందు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేయవచ్చు.

పొడి గింజలను తేమ తగలని గాజు సీసాలో, పొయ్యికి దూరంగా ఉంచితే చాలాకాలం నిలుస్తాయి. పొడి కొట్టిన చియా మాత్రం గాలికి త్వరగా పాడవుతుంది కనుక కొద్దికొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టాలి. పాత నూనె వాసన వస్తే పారవేయాలి. నానబెట్టిన గింజలను మన ఏప్రిల్, మే ఎండల్లో బయట వదిలేయకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినా నీటిలో నానినవి రెండు మూడు రోజుల్లో, పాలలో నానినవి మర్నాటికల్లా వాడేసుకోవాలి.