చలిలో బైక్ ప్రయాణం – 3వ పాఠం: వేళ్లు కొంకర్లు పోకుండా

కిందటి పాఠంలో గాలి లెక్క చూశాం. 5 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి దాదాపు మైనస్ 2 డిగ్రీల చలిలా తగులుతుంది. ఆ గాలికి ఎదురెళ్లేవి చేతులు. ఈ పాఠం వాటి గురించే.

ధనుర్మాసంలో జయపురం నుంచి కొరాపుట్, సునాబెడ మీదుగా సాలూరు దిగే మనవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరతారు. నేనూ ఒకసారి అలాగే వెళ్లాను. మందపాటి గ్లౌజులు వేసుకున్నా సెమిలిగుడ దాటేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. పొట్టంగి దాటి ఘాట్ దిగుతుంటే బ్రేక్ మీద వేలుందో లేదో తెలియలేదు. 40 వేగమంటే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఆ మలుపుల్లో వేలు ఒక్క సెకను ఆలస్యమైనా ఎంత ప్రమాదమో ఆ రోజే అర్థమైంది.

తప్పు గ్లౌజులది కాదు. మెడకు ఏమీ చుట్టుకోలేదు, జాకెట్ జిప్ సగమే వేశాను. ఛాతీ చల్లబడుతుంటే శరీరం ముందు లోపలి అవయవాలను కాపాడుకుంటుంది. చేతుల్లోని రక్తనాళాలను ముడిచేస్తుంది. గ్లౌజు వేడి పుట్టించదు, ఉన్న వేడిని నిలుపుతుందంతే. రక్తమే రాని వేలికి అది ఏం చేస్తుంది?

కాబట్టి చేతుల పని మెడ దగ్గర మొదలవుతుంది. మఫ్లర్ చుట్టి, కొసలు జాకెట్ లోపలికి దోపండి. వేలాడితే చైన్‌లో చిక్కుకుంటాయి. స్వెట్టర్ మీద రెయిన్‌కోటు వేస్తే గాలి ఆగుతుంది. ఖరీదైన జాకెట్ లేదని బాధపడక్కర్లేదు. గ్లౌజులు మాత్రం బిగుతుగా ఉండకూడదు, లోపల వేళ్లు ఆడాలి. వేళ్లు చల్లబడ్డాక కాదు, ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడే తొడుక్కోండి.

దారిలో తిమ్మిరెక్కితే బండి ఆపండి. చేతులు చంకల్లో పెట్టుకోండి, లేదా భుజం నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పండి, రక్తం వేళ్ల కొసలదాకా వస్తుంది. సైలెన్సర్‌కు మాత్రం ఆనించకండి. మొద్దుబారిన చర్మానికి కాలినా తెలియదు. వేడి టీ తాగండి. మందు వద్దు, అది వెచ్చగా అనిపిస్తూనే ఒంట్లో వేడిని బయటికి పోనిస్తుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే దారిలో, ఒకే వేళకు రెండు ఉదయాలు వెళ్లండి. మొదటి రోజు మెడకు ఏమీ లేకుండా, రెండో రోజు మఫ్లర్‌తో. గ్లౌజులు అవే. పది కిలోమీటర్లకు ఆగి, బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి చూడండి. ఏ రోజు తేలిగ్గా అందిందో రాసి పెట్టుకోండి. కాళ్ల పాఠంలో ఆ కాగితం కావాలి.