నలుపు ఎర్రబడిందా? ఏథెన్స్ పద్ధతి కుండలు కాల్చేటప్పుడు వచ్చే లోపాలు

ప్రాచీన ఏథెన్స్ పాత్రల మీద కనిపించే నలుపు పెయింటు కాదు. కుండా, దాని మీది పూతా ఇనుము ఉన్న మట్టే. పూతలో రేణువులు బాగా సన్నగా ఉంటాయి, అంతే తేడా.

ఒకే కాల్పులో మూడు దశలుంటాయి. గాలి ఆడనిస్తూ 800 డిగ్రీల దాకా తీసుకెళ్తే అంతా ఎర్రబడుతుంది. గాలి మూసేసి, పచ్చి కట్టెలు వేసి 900 దాటిస్తే అంతా నల్లబడుతుంది. వేడి కొంచెం తగ్గాక మళ్లీ గాలి వదిలితే కుండ తిరిగి ఎర్రబడుతుంది. పూత మాత్రం అప్పటికే గాజులా మూసుకుపోయి ఉంటుంది కాబట్టి నల్లగానే నిలిచిపోతుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త థియోడర్ షూమన్ 1942లో ఈ గుట్టు విప్పాడు.

నల్లగా రావాల్సిన చోట ఎరుపు, గోధుమ రంగు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. పూత పూర్తిగా మూసుకుపోలేదు, అందుకే చివరి దశలో గాలి లోపలికి చొరబడింది. రేణువులు ముతకగా ఉన్నా, పూత పలచబడినా, రెండో దశలో వేడి చాలకపోయినా ఇలాగే అవుతుంది.

ముందు పూతను సరిచేయండి. మట్టిని నీళ్లలో కలిపి, చిటికెడు సోడా యాష్ (బట్టల సోడా) వేసి, కదపకుండా ఉంచండి. పైన తేలిన పలచటి నీళ్లే మీకు కావాలి, అడుగుది వద్దు. ఇలా రెండు మూడుసార్లు పైనీళ్లు వంచుకుని, నీరు కొంత ఆవిరై చిక్కబడేదాకా ఆగండి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు అస్సలు తగలకూడదు.

గిన్నె లోపల గుండ్రటి ఎర్ర మచ్చ పడిందంటే కారణం వేరు. దాని మీద ఇంకో గిన్నె పాదం కూర్చుని పొగను అడ్డుకుంది. మ్యూజియాల్లోని అసలు గ్రీకు పాత్రల మీద కూడా ఈ మచ్చలు కనిపిస్తాయి. అలాంటివి పారేయలేదు, అమ్మారు!

కుండంతా బూడిద రంగు

చివరి దశలో గాలి చాలలేదు, లేదా ఆలస్యంగా వదిలారు. చల్లారిపోయాక తెరిస్తే లాభం లేదు. అందాజుగా తెరవొద్దు. పూత వేసిన పెంకుకు రంధ్రం చేసి ఆవంలో పెట్టండి, మధ్యలో కడ్డీతో తగిలించి బయటికి లాగి చూడండి. ఏథెన్స్ కుమ్మరులు చేసిందీ ఇదే, అలాంటి పెంకులు తవ్వకాల్లో దొరికాయి. బూడిద రంగుకొచ్చిన కుండను గాలి ఆడేలా మళ్లీ కాలిస్తే చాలావరకు ఎర్రబడుతుంది.

పూత పెచ్చులూడుతోంది

ఎండిపోయిన కుండ మీద పూశారు. కుండ ఇంకా కాస్త పచ్చిగా, తోలులా ఉన్నప్పుడే నున్నగా రుద్ది పూయాలి. బొమ్మల వివరాల కోసం పూత మీద సూదితో గీతలు గీసేటప్పుడు అంచులు చిట్లితే, పూత మరీ ఆరిపోయిందని అర్థం.

తెల్లరంగు రాలిపోతోంది

తెలుపు వేరే మట్టి. నల్లపూత మీద పైపైన నిలుస్తుంది, పట్టు తక్కువ. పలచగా పూయండి, కాల్చాక రుద్ది కడగొద్దు. పాత పాత్రల మీద స్త్రీల ముఖాలు, చేతులు తెల్లగా వేసేవాళ్లు. ఆ తెలుపు రాలిపోయిన చోట ఇప్పుడు నల్లటి ముఖమే కనిపిస్తుంది, చిత్రకారుడు అలా వేయలేదు.