పాలమూరు నుంచి వియత్నాంలోని డానాంగ్‌కు: మూడు నెలలు తక్కువ ఖర్చులో ఉండాలంటే

వియత్నాం ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లే, కాబట్టి ఏజెంటుకు వేలకు వేలు ఇవ్వకుండా వియత్నాం ప్రభుత్వ సైట్‌లో మీరే అప్లై చేసుకోండి, పేరు మాత్రం పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే అట్లనే, అక్షరం పొల్లుపోకుండా రాయాలి. అక్టోబర్, నవంబర్ వద్దు. డానాంగ్‌లో అప్పుడు పడే వానలు మన పాలమూరు వానల్లాంటివి కావు. ఫిబ్రవరి తర్వాత వెళ్లండి.

గదిని ఇక్కడి నుంచే నెలలకు బుక్ చేయొద్దు. మూడు రోజులకే తీసుకుని, వీధుల్లో తిరిగి అడగండి; కరెంటు అద్దెలో కలిసిందా, యూనిట్ లెక్కన వేరే కట్టాలా అని ముందే తేల్చుకుని, చేరిన రోజే మీటర్ ఫొటో తీసిపెట్టుకోండి, ఏసీ గదికి అసలు ఖర్చు అక్కడే.

శాకాహారులకు టెన్షన్ వద్దు. అక్కడ ‘చాయ్’ అంటే టీ కాదు, శాకాహారం. బోర్డు మీద ఆ మాట లేని చోట కూరగాయల్లో కూడా చేపల సాస్ పడొచ్చు. పల్లీలు అక్కడే దొరుకుతాయి, కారప్పొడి మాత్రం ఇంటి నుంచి పట్టుకుపోండి.