కొత్త మానిటర్‌లో అక్షరాలు మసకగా ఉన్నాయా?

మానిటర్‌ను షాపుకు తిప్పి పంపే ముందు ఒక స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. అందులోనూ మసకగానే ఉంటే తేడా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అందులో బాగుంటే సెట్టింగునో, ప్యానెల్‌నో (అంటే తెరనే) అనుమానించాలి.

ఒక్క ప్రోగ్రాంలోనే మసక

విండోస్‌లో స్కేలింగ్, అంటే అక్షరాలను, ఐకాన్లను పెద్దవి చేసే సెట్టింగ్, 125 లేదా 150 శాతం పెడితే, పాత ప్రోగ్రాములను అది బొమ్మలా సాగదీసి చూపిస్తుంది. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలోకి వెళ్లండి. హై డీపీఐ సెట్టింగుల్లో స్కేలింగ్‌ను అప్లికేషన్‌కే వదిలేయండి. అక్షరాలు చిన్నవి కావచ్చు, కానీ పదునుగా వస్తాయి.

తెరంతా మసక

తెర మీది బొమ్మ పిక్సెళ్లనే చిన్న చుక్కలతో ఏర్పడుతుంది; అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో చెప్పేదే రిజల్యూషన్. 2560×1440 ప్యానెల్‌కు 1920×1080 పంపితే ఒక్కో పిక్సెల్‌ను అడ్డంగా, నిలువుగా 1.33 పిక్సెళ్ల మీద పరచాల్సి వస్తుంది. ముక్క పిక్సెల్ వెలగదు కాబట్టి అంచులు పక్కకు పాకుతాయి. ప్యానెల్ అసలు రిజల్యూషనే పెట్టండి. అక్షరాలు చిన్నవనిపిస్తే స్కేలింగ్ పెంచండి, రిజల్యూషన్ జోలికి పోవద్దు.

టీవీని మానిటర్‌గా వాడుతుంటే, ఎర్ర అక్షరాల అంచులు చెదురుతుంటే

చాలా టీవీలు రంగు సమాచారాన్ని కుదించేస్తాయి. ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ను పీసీ మోడ్‌కు మార్చండి.

అన్నీ సరిగ్గా ఉన్నా గళ్లు గళ్లుగా

అసలు చిక్కు ఇదే. పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం, అంటే పిక్సెల్ పిచ్, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080)లో 0.311 మి.మీ. 24 అంగుళాల్లో 0.277. అదే 27 అంగుళాల్లో 2560×1440 అయితే 0.233. మామూలు చూపున్న కంటికి పిక్సెళ్లు విడివిడిగా కనబడకుండా ఉండాలంటే, పిచ్‌కు సుమారు 3,400 రెట్ల దూరంలో కూర్చోవాలి. 0.311కు అది మీటరు పైనే. మనమేమో 60, 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటాం! ఇంగ్లిష్ ఎలాగో నెట్టుకొస్తుంది. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి చోట్ల వత్తులు మాత్రం ముద్దగా అతుక్కుపోతాయి.

విండోస్‌లో అక్షరాల అంచులను సరిచేసే క్లియర్‌టైప్ ట్యూనర్ ఓసారి నడిపితే కొంత నయం. ఫాంట్ సైజు పెంచినా, కుర్చీ కాస్త వెనక్కి జరిపినా ఇంకొంత. మానిటర్ మెనూలో షార్ప్‌నెస్ మాత్రం పెంచకండి, అక్షరాల చుట్టూ తెల్లటి గీత పడుతుంది తప్ప వివరం పెరగదు. పిక్సెళ్లను దగ్గరికి జరిపే సెట్టింగ్ ఏదీ లేదు. రిటర్న్ గడువు ఇంకా ఉంటే 2560×1440కు మార్చుకోండి. ఫుల్ హెచ్‌డీకే బడ్జెట్ ఉంటే 24 అంగుళాలు దాటొద్దు.