నాన్న కీమో గురించి నిర్ణయించే ముందు

నాన్నకు 78 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలిన రోజు అన్నయ్య, నేను, బాబాయి తలో మాట మాట్లాడాం. అసలు మనిషిని మాత్రం అడగలేదు. మీరు ముందు ఆయన్నే అడగండి: "నాన్నా, నీకు ఎంతవరకు తెలియాలనుంది?" మా నాన్నకు అప్పటికే అంతా తెలుసు. మా కోసం నటిస్తున్నారట!

డాక్టర్ దగ్గరికి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. టెన్షన్‌లో ఏదీ గుర్తుండదు. ఈ కీమో జబ్బు నయం చేయడానికా, కొంతకాలం అదుపులో ఉంచడానికా? దీనికి సూటిగా జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. వద్దనుకుంటే ఏమవుతుందో కూడా అడగండి.

పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం. అది చేతులెత్తేయడం కాదు, కీమో జరుగుతుండగానే మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందంటే మేమూ భయపడ్డాం. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది. విరేచనం మందు మొదటి రోజే రాయించుకోండి. అడగక మేం నాలుగు రోజులు నరకం చూశాం.

రెండు కీమోల తర్వాత నాన్న "చాలమ్మా" అన్నారు. ఇంటికొచ్చి పెరట్లో మంచం వేయించుకున్నారు.