ఫెర్మీ గామా విస్ఫోటాల డేటా చేతికి రానప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

గామా విస్ఫోటం అంటే అంతరిక్షం నుంచి కొద్దిసేపు దూసుకొచ్చే గామా కిరణాల మెరుపు. వాటిని గమనించే, 2008 జూన్ 11న ప్రయోగించిన ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు డేటాను నాసా వారి హీసార్క్ అనే డేటా భాండాగారం అందరికీ ఉచితంగా ఇస్తోంది. అనంతపురంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే విద్యార్థికీ అమెరికాలోని పరిశోధకుడికీ అక్కడ దొరికేది ఒకే ఫైలు. ఎక్కువ మందిని ఆపేవి పేర్లు, గడియారం తెచ్చే చిక్కులు. గురుత్వ తరంగాలతో పాటు నమోదైన 2017 ఆగస్టు 17 నాటి విస్ఫోటాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

సమస్య: విస్ఫోటం ఫోల్డరు దొరకదు.
ఫెర్మీలో విస్ఫోటాలను పట్టే పరికరం జీబీఎం. దాని ఫోల్డరు పేరులో 'బీఎన్' తరువాత తేదీకి ఆరంకెలు, రోజులో గడిచిన భాగానికి మూడంకెలు ఉంటాయి. ఈ లెక్క అంతా యూటీసీలోనే, అంటే మన సమయం కంటే అయిదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయంలోనే. ఈ విస్ఫోటం 12:41:06కు నమోదైంది, అప్పటికి రోజులో 0.5285 వంతు గడిచింది కనుక దాన్ని మూడంకెలకు సవరిస్తే 529 వస్తుంది, పేరు బీఎన్170817529 అవుతుంది. మన గడియారంలో అది సాయంత్రం 6:11. ఆ సమయంతోనే లెక్క కడితే 758 వస్తుంది, ఆ పేరుతో ఫోల్డరు లేదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర లోపు జరిగినవాటికైతే తేదీయే మారిపోతుంది. కనుక ముందుగా అయిదున్నర గంటలు తీసివేసి, ఆ తరువాతే గడిచిన సమయాన్ని 24 గంటలతో భాగించాలి.

సమస్య: పది డిటెక్టర్ల ఫైళ్లు వస్తాయి, రెండు రావు.
జీబీఎంలో గామా కిరణాలను పట్టే పన్నెండు సోడియం అయోడైడ్ డిటెక్టర్లకు సున్నా నుంచి తొమ్మిది వరకే అంకెలు. చివరి రెండింటి పేర్లు ఎన్ఏ, ఎన్‌బీ. స్క్రిప్టులో ఎన్10, ఎన్11 అని రాసి ఉంటే మార్చండి.

సమస్య: ఫైలు దిగింది, కానీ తెరుచుకోదు.
హాస్టల్లో మొబైల్ హాట్‌స్పాట్ మీద పని చేసేవారు దీన్ని తప్పక పరీక్షించాలి. ఈ డేటా ఉండేది ఫిట్స్ అనే ఖగోళ ఫైలు రూపంలో. కుదించని ఫిట్స్ ఫైలు పరిమాణం 2880 బైట్లతో నిశ్శేషంగా భాగింపబడాలి. శేషం మిగిలితే డౌన్‌లోడ్ మధ్యలో తెగినట్లే, మళ్లీ దించుకోవాలి. ఫైలు మొదట్లో 'సింపుల్' అనే పదానికి బదులు వెబ్ పేజీ కోడు కనిపిస్తే, సర్వరు పంపిన దోష సందేశమే ఫైలు పేరుతో భద్రమైందని అర్థం. అప్పుడు చిరునామా సరిచూసుకోవాలి.

సమస్య: విస్ఫోట సమయం 5 సెకన్లు ఆలస్యంగా వస్తుంది.
నిశ్శబ్దంగా ఫలితాన్ని చెడగొట్టే దోషం ఇదే, అందుకే దీనిపై ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఫెర్మీ గడియారం 2001 జనవరి 1 యూటీసీ నుంచి గడిచిన సెకన్లను లెక్కిస్తుంది. ఈ విస్ఫోటానికి ఆ సంఖ్య 524666471.47. దాన్ని నేరుగా తేదీకి కలిపితే 12:41:11 వస్తుంది, ఎందుకంటే మధ్యలో చేరిన 5 లీప్ సెకన్లను (భూభ్రమణానికి సరిపోయేలా యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్లను) మామూలు తేదీ ఫంక్షన్లు లెక్కలోకి తీసుకోవు. గురుత్వ తరంగాల రాకకూ గామా కిరణాల రాకకూ మధ్య ఉన్న అంతరం దాదాపు 1.7 సెకన్లే, ఈ పొరపాటుతో అది 6.7 అవుతుంది. లీప్ సెకన్లు తెలిసిన ఆస్ట్రోపై (ఖగోళ లెక్కల పైథాన్ లైబ్రరీ) వంటి సాధనంతోనే సమయాన్ని మార్చుకోవాలి.

సమస్య: కాంతి వక్రరేఖలో (సమయంతో పాటు కిరణాల సంఖ్య ఎలా మారిందో చూపే గ్రాఫులో) ఎత్తు కనబడదు.
విస్ఫోటం దిశకు ఎదురుగా లేని డిటెక్టరును ఎంచుకొని ఉంటారు. ఈ బలహీన విస్ఫోటానికి ఎన్1, ఎన్2, ఎన్5 తీసుకొని, 50 నుంచి 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య శక్తినే ఉంచి గీయండి.